అలారం లేదు, కాల్స్ మాత్రం తెగుతున్నాయి: ఒక పాత 2జీ బేస్ స్టేషన్ కేసు

మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లే దారిలో, నల్లమల అంచున ఉన్న ఒక సైటు కేసు ఇది. అక్కడి షెల్టర్‌లో, అంటే టవర్ కింది చిన్న సామాను గదిలో, ఎరిక్సన్ ఆర్‌బీఎస్ 2206 అనే 2జీ క్యాబినెట్ ఉంది. దాన్ని పెట్టి పదిహేనేళ్లు దాటింది. ఉన్నట్టుండి ఆ టవర్ కింద తిరిగేవాళ్ల కాల్స్ తెగిపోవడం మొదలైంది. అలారం ఒక్కటీ లేదు. పాత పెట్టె కాబట్టి అనుమానమంతా దాని మీదే పడింది. ఒకదాని తర్వాత ఒకటిగా బోర్డులు మార్చారు. చివరికి చూస్తే ఆ పెట్టెలో ఏ బోర్డూ చెడిపోలేదు. తనకు అప్పజెప్పిన పనిని తుచ తప్పకుండా చేయడం వల్లే అది దారి తప్పింది. ఇలాంటి పాత బేస్ స్టేషన్లు మన దగ్గర ఇంకా చాలా పనిచేస్తున్నాయి, వాటిని నెట్‌వర్క్‌కు కలిపే లింకు, అంటే ట్రాన్స్‌మిషన్, మాత్రం మారిపోతోంది. అందుకే ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను.

2జీ గురించి ఇంకా ఎందుకు అనుకునేవాళ్లకు ఒక మాట. 3జీని చాలావరకు ఆపేశారు, 2జీ ఉంది. అడవి అంచు పల్లెల్లో కీప్యాడ్ ఫోన్లు వాడే పెద్దవాళ్లు, మేకలు కాసేవాళ్లు, బోరు మోటార్లకు బిగించిన మొబైల్ స్టార్టర్లు అన్నీ దీని మీదే బతుకుతున్నాయి. ఘాట్ రోడ్డులో బండి బోల్తా పడితే, చేతిలో చిన్న ఫోనే ఉన్న మనిషి 108కి చేసే కాల్ ఈ పాత పెట్టె మీదుగానే వెళ్తుంది. ఆ కాల్ మధ్యలో తెగకూడదు. నా వరకు ఈ కేసు అంత ముఖ్యమైంది అందుకే.

ఫిర్యాదు

సైటుకు వెళ్లాక ముందు మాట్లాడింది రోజూ ఆ దారిలో తిరిగే ఒక ఆటో డ్రైవర్‌తో. ఆయన చెప్పింది ఇది: "బండి ఆపి మాట్లాడితే బానే ఉంటది సార్. కదిలితే తెగుద్ది. మధ్యాన్నం అయితే మరీ ఎక్కువ."

ఈ మూడు ముక్కల్లోనే చాలా విషయం ఉంది. ఆపి మాట్లాడితే బాగుందంటే ట్రాన్స్‌మిటర్, రిసీవర్, యాంటెన్నా, కేబుల్ అన్నీ వాటి పని అవి చేస్తున్నట్టే. మోటారు స్టార్టర్ల గురించి రైతులెవరూ ఫిర్యాదు చేయలేదు, అవి కదలవు కాబట్టి. కదిలితే తెగుతోందంటే ఒక సెల్ నుంచి ఇంకో సెల్‌కు కాల్ మారే చోట, అంటే హ్యాండోవర్‌లో తేడా ఉంది. మధ్యాహ్నం ఎక్కువంటే ఎక్కడో వేడికి సంబంధం ఉంది.

అంతకుముందు వచ్చిన టీమ్ వేడి అన్న మాట పట్టుకుని ఫ్యాన్ల యూనిట్ మార్చింది. యాంటెన్నాకు వెళ్లే ఫీడర్ కేబుళ్లను మీటరుతో పరీక్షించి చూసింది, అవి బాగానే ఉన్నాయి. సిగ్నల్‌ను పంపి అందుకునే ట్రాన్స్‌సీవర్ బోర్డులు రెండు మార్చింది, ఫలితం లేదు. తర్వాత డీఎక్స్‌యూ అనే కంట్రోల్ బోర్డు మార్చింది. ఆ సాయంత్రం నుంచి కాల్స్ నిలబడ్డాయి, కేసు మూసేశారు. మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ మొదలు. కొత్తగా పెట్టిన బోర్డు కూడా పాతదే, రిపేరయి వచ్చిందే కాబట్టి అదీ బాగోలేదని ఇంకోటి తెప్పించే ఏర్పాట్లలో ఉన్నారు. పాత సామాను విషయంలో ఎక్కడైనా జరిగేది ఇదే. వయసు అయిపోయిందన్న మాట ఒకసారి నోట్లోకి వచ్చాక ఇంక వేరే కారణం ఎవరూ వెతకరు.

పెట్టె లోపల ఏముంది

క్యాబినెట్ ఇంచుమించు మనిషి ఎత్తు. తలుపు తీస్తే వరుసగా ఆరు డీటీఆర్‌యూలు కనిపిస్తాయి. ఒక్కో డీటీఆర్‌యూలో 2 ట్రాన్స్‌సీవర్లు, అంటే మొత్తం 12. ఈ సైటులో మూడు సెక్టార్లు, అంటే టవర్ చుట్టూ ఒక్కో దిక్కుకు ఒక్కో సెల్, ఒక్కో సెక్టారుకు నాలుగు చొప్పున పంచారు. డీటీఆర్‌యూల నుంచి వచ్చే సిగ్నల్‌ను కలిపి, పంపేదాన్నీ అందుకునేదాన్నీ వేరుచేసి ఒకే కేబుల్ మీద యాంటెన్నాకు చేర్చేవి సీడీయూలు, సెక్టారుకు ఒకటి. అందుకున్న సిగ్నల్‌ను ఏ ట్రాన్స్‌సీవర్‌కు ఇవ్వాలో పంచేది సీఎక్స్‌యూ. లోపలంతా నడిచేది 24 వోల్టుల డీసీ మీద, ఆ కరెంటు తయారుచేసే పీఎస్‌యూలు వేరే ఉంటాయి. ఐడీఎం అంటే బ్రేకర్లున్న పంపిణీ పలక. ఎఫ్‌సీయూ ఫ్యాన్లను చూసుకుంటుంది. వీటిలో ఏది పోయినా దాని అలారం దానికి వస్తుంది. కాబట్టి వీటి దగ్గర ఎక్కువసేపు ఆగను.

అసలు చెప్పాల్సింది డీఎక్స్‌యూ గురించి. ఇది క్యాబినెట్‌కు ఒక్కటే ఉంటుంది. చాలా టవర్లను ఒకచోట నుంచి నడిపే బీఎస్సీ (బేస్ స్టేషన్ కంట్రోలర్) నుంచి వచ్చే ఈ1 లైను దీనికే తగులుతుంది. ఈ1 అంటే సెకనుకు 2.048 మెగాబిట్లు, 32 టైమ్‌స్లాట్లు. 12 ట్రాన్స్‌సీవర్లకు తలా రెండు స్లాట్ల చొప్పున 24, సిగ్నలింగ్‌ను (మాట కాకుండా కాల్‌ను నడిపే సందేశాలను) కుదించి నాలుగింటికి ఒక స్లాటు ఇస్తే ఇంకో 3, మొత్తం 27. ఒక్క ఈ1 సరిపోయింది. వచ్చిన స్లాట్లను విడదీసి ఏ ట్రాన్స్‌సీవర్‌ది దానికి ఇవ్వడం డీఎక్స్‌యూ పని. పెట్టె మొత్తానికి కాలం చెప్పడం కూడా దాని పనే. ఈ రెండో పని దగ్గరే కథంతా ఉంది.

సాఫ్ట్‌వేర్ వైపు నుంచి

డీఎక్స్‌యూలో ఒక కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు ఉంటుంది. బోర్డు మార్చేటప్పుడు దాన్ని తీసి కొత్తదాంట్లో పెడతాం. సాఫ్ట్‌వేర్, ఐడీబీ అనే ఇన్‌స్టలేషన్ డేటాబేస్ రెండూ అందులోనే ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌ను బీఎస్సీ నుంచి లైను మీదుగా దించవచ్చు. డీఎక్స్‌యూ దాన్ని దాచుకుని డీటీఆర్‌యూలకు ఎక్కిస్తుంది. ఐడీబీ సంగతి వేరు. ఇక్కడ ఏ రకం సీడీయూ ఉంది, ఎన్ని సెక్టార్లు, కరెంటు ఏ పద్ధతిలో వస్తోంది అన్న వివరం దాంట్లో ఉంటుంది. దాన్ని సైటులోనే, లాప్‌టాప్‌ను తొమ్మిది పిన్నుల సీరియల్ కేబుల్‌తో తగిలించి, ఓఎంటీ అనే ప్రోగ్రామ్‌తో రాయాలి. కొత్త లాప్‌టాప్‌లకు సీరియల్ పోర్టు ఉండదు కాబట్టి ఈ పనికి ఫీల్డ్ టీమ్‌లు ఇప్పటికీ ఒక పాత లాప్‌టాప్‌నో అడాప్టర్‌నో జాగ్రత్తగా దాచుకుంటాయి.

బీఎస్సీకి ఈ పెట్టె బోర్డుల రూపంలో కనిపించదు. పనుల రూపంలో కనిపిస్తుంది. సీఎఫ్ అంటే మొత్తం నడిపించే పని, ఐఎస్ అంటే ఈ1 స్లాట్లను కలిపే పని, కాన్ అంటే సిగ్నలింగ్ కుదింపు, టీఎఫ్ అంటే టైమింగ్. తర్వాత ప్రతి ట్రాన్స్‌సీవర్‌కూ టీఆర్‌ఎక్స్, టీఎక్స్, ఆర్‌ఎక్స్, దాని ఎనిమిది టైమ్‌స్లాట్లు. ఆర్‌ఎక్స్‌ఎంఎఫ్‌పి కమాండ్ ఇస్తే ఏ పనిలో ఏ లోపం ఉందో బీఎస్సీ అచ్చువేసి చూపిస్తుంది. మా సైటుకు ఆ ప్రింటవుట్ ఖాళీగా వచ్చింది. టీఎఫ్ మామూలుగా పనిచేస్తోంది, ఈ1ను రిఫరెన్స్‌గా పట్టుకుని ఉంది. డీఎక్స్‌యూ ముఖం మీద ఆపరేషనల్ అన్న పచ్చ లైటు, ఎర్ర లైటు లేదు. లైట్లు చూసి, ప్రింటవుట్ చూసి సైటు బాగుందంటే ఎవరూ కాదనలేరు.

కౌంటర్లు చెప్పింది

అలారంలో లేని విషయం గణాంకాల్లో దొరికింది. పొరుగు సెల్‌కు ఎన్ని హ్యాండోవర్లు మొదలయ్యాయి, ఎన్ని కుదిరాయి, ఎన్ని కుదరక పాత చానల్‌కే తిరిగొచ్చాయి అన్నది బీఎస్సీ ప్రతి జతకూ విడిగా లెక్కపెడుతుంది, ఈ లెక్కలనే కౌంటర్లంటాం. ఆ జతలను రెండు కుప్పలుగా వేసి చూశాను. ఈ సైటులోని మూడు సెక్టార్ల మధ్య జరిగే హ్యాండోవర్లు ఒక కుప్ప, ఈ సైటుకూ పక్క సైట్లకూ మధ్య జరిగేవి ఇంకో కుప్ప.

మొదటి కుప్ప శుభ్రంగా ఉంది. రెండో కుప్ప పాడైంది, అదీ రెండు వైపులా. ఇక్కడి నుంచి వెళ్లేవీ తెగుతున్నాయి, ఇక్కడికి వచ్చేవీ తెగుతున్నాయి. ఎక్కువ శాతం పాత చానల్‌కు తిరిగి రావడాలే. రోడ్డు మీద పాత సెల్ సిగ్నల్ అప్పటికే సన్నబడి ఉంటుంది కాబట్టి తిరిగొచ్చిన కాల్ అక్కడ నిలవలేక పడిపోతోంది. గంటల వారీగా చూస్తే తెల్లవారుజామున తక్కువ, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు అత్యధికం.

ఒక ట్రాన్స్‌సీవర్ పాడైతే ఒక సెక్టారే దెబ్బతింటుంది. కేబుల్ పాడైనా అంతే. ఫ్రీక్వెన్సీ ప్లాన్‌లో తప్పుంటే కొన్ని జతలే చెడతాయి. మూడు సెక్టార్లూ తమలో తాము బాగుండి, బయటి వాళ్లందరితోనూ చెడ్డాయంటే ఆ మూడూ పంచుకునేదేదో బయటివాళ్లతో కలవడం లేదు. మూడింటికీ ఉమ్మడిగా ఉండి ఇలా బయటివాళ్లతో మాత్రమే తేడా తెచ్చేది ఒక్కటే, డీఎక్స్‌యూ ఇచ్చే క్లాక్.

క్లాక్ తప్పితే ఏమవుతుంది

2జీ ప్రమాణమైన జీఎస్‌ఎంలో ప్రతిదీ 13 మెగాహెర్ట్జ్ క్లాక్ నుంచి పుడుతుంది. దాన్ని 48తో భాగిస్తే గాలిలో వెళ్లే బిట్ వేగం, సెకనుకు 270.833 కిలోబిట్లు. 8 టైమ్‌స్లాట్ల ఫ్రేము 4.615 మిల్లీసెకన్లు. క్యారియర్, అంటే సిగ్నల్‌ను మోసే రేడియో తరంగం, దాని ఫ్రీక్వెన్సీ కూడా ఇదే క్లాక్‌కు కట్టుబడి ఉంటుంది. బేస్ స్టేషన్ క్యారియర్ 0.05 పీపీఎం (ఒక పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు) లోపల ఉండాలని, అంటే కోటికి సగం లోపల ఉండాలని జీఎస్‌ఎం ప్రమాణం. 940 మెగాహెర్ట్జ్ దగ్గర అది 47 హెర్ట్జ్.

ఫోన్‌కు సొంతంగా అంత మంచి క్లాక్ ఉండదు. తనను పట్టుకున్న సెల్‌ను చూసి తన క్లాక్‌ను సరిచేసుకుంటుంది. అందుకోసం ప్రతి సెల్ ఒక శుద్ధమైన స్వరంలాంటి బర్స్ట్‌ను, క్యారియర్‌కు 67.7 కిలోహెర్ట్జ్ పైన, పంపుతూ ఉంటుంది. కాబట్టి ఒక సెల్ మొత్తం పక్కకు జరిగినా దాంట్లోనే ఉన్న ఫోన్‌కు తెలియదు, అదీ దాంతోపాటే జరుగుతుంది. ఆపి మాట్లాడితే బాగుండటం అందుకే.

హ్యాండోవర్‌లో అలా కుదరదు. ఫోన్ పాత సెల్ ఫ్రీక్వెన్సీకి సరిచేసుకుని ఉండి, ఒక్కసారిగా కొత్త సెల్‌కు దూకుతుంది. వచ్చానని చెప్పే చిన్న సిగ్నళ్లను, అంటే యాక్సెస్ బర్స్ట్‌లను, పంపుతుంది. జవాబుగా కొత్త సెల్ నుంచి సమాచారం రావాలి. మాట చానల్ మీద 320 మిల్లీసెకన్లలో అది అందకపోతే ప్రయత్నం మానేసి పాత చానల్‌కు తిరిగి వెళ్తుంది. ఆ కొద్దిపాటి సమయంలో, అదీ అంచులో ఉన్న బలహీనమైన సిగ్నల్ మీద, కొత్త సెల్ వందల హెర్ట్జ్ పక్కన ఉంటే డీకోడ్ చేయడం కష్టమవుతుంది. 60 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు వల్ల డాప్లర్ (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ మారడం) ఇంకో 50 హెర్ట్జ్ దాకా కలుస్తుంది. పైగా ఫోన్ ముందే గుర్తుపెట్టుకున్న పొరుగు సెల్ ఫ్రేమ్ సమయం కూడా పాతబడిపోతుంది. క్లాక్ 0.25 పీపీఎం తప్పితే సెకనుకు పావు మైక్రోసెకను జరుగుతుంది. ఒక బిట్ పొడవు 3.69 మైక్రోసెకన్లు. అంటే సుమారు 15 సెకన్లకు ఒక బిట్ చొప్పున ఆ సెల్ కదిలిపోతూ ఉంటుంది.

కొలిచి చూడటం

జీపీఎస్ రిఫరెన్స్ ఉన్న బేస్ స్టేషన్ అనలైజర్‌ను టవర్ దగ్గర పెట్టి మూడు సెక్టార్లలో ఎప్పుడూ పంపుతూ ఉండే బీసీసీహెచ్ క్యారియర్లను కొలిచాం. పొద్దున మూడూ 140 హెర్ట్జ్ అటూ ఇటూగా ఎక్కువ చూపించాయి. మధ్యాహ్నానికి అది 235 దాకా పోయింది. మూడింటిదీ ఒకే దిక్కు, దాదాపు ఒకే విలువ. పక్క సైటు దగ్గర కొలిస్తే 15 హెర్ట్జ్ లోపే. క్లాక్ తప్పిందని ఇక సందేహం లేదు.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. క్లాక్ ఉన్నది డీఎక్స్‌యూలో, అందులో క్లాక్‌ను పుట్టించే ఓవెన్ ఆసిలేటర్ ముసలిదైపోయింది, బోర్డు మార్చండి అంటారు. ఆ బోర్డు అప్పటికే ఒకసారి మార్చారు, సమస్య తిరిగొచ్చింది. రెండు వేర్వేరు బోర్డులు ఒకే దిక్కుకు, ఒకే మోతాదులో ముసలివి కావడం నమ్మదగ్గ విషయం కాదు.

డీఎక్స్‌యూ క్లాక్ ఎలా పనిచేస్తుందో చూస్తే దారి దొరుకుతుంది. క్రిస్టల్‌ను చిన్న ఓవెన్‌లో ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉంచుతారు. నిమిషాలు, గంటల లెక్కన చూస్తే అది చాలా స్థిరంగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ మాత్రం మెల్లగా జరుగుతుంది. ఈ1 లైను క్లాక్ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. క్షణక్షణానికీ కొంచెం ఊగుతుంది కానీ, దాని మూలం స్విచ్ దగ్గరి ప్రైమరీ రిఫరెన్స్ క్లాక్ కాబట్టి దీర్ఘకాలంలో తప్పదు. అందుకని సాఫ్ట్‌వేర్ ఈ రెండింటినీ జతచేస్తుంది. వచ్చే ఈ1 క్లాక్‌ను చాలాసేపు సగటు తీసి, తన ఆసిలేటర్‌తో పోల్చి, తేడా ఎంతుంటే అంత ఆసిలేటర్‌ను నెమ్మదిగా లాగుతుంది. ఈ పద్ధతి వల్లే ఇలాంటి పెట్టెలు ఏళ్ల తరబడి జీపీఎస్ లేకుండా నిలబడ్డాయి. దీన్ని డిజైన్ చేసినవాళ్ల మీద నాకు నిజమైన గౌరవం ఉంది.

కానీ ఈ పద్ధతి మొత్తం ఒక్క నమ్మకం మీద నిలిచింది. ఈ1 మీద వచ్చే క్లాక్ నిజమైనదని. ఈ1 అబద్ధం చెబితే డీఎక్స్‌యూ నిజాయతీగా ఆ అబద్ధాన్నే గాలిలోకి పంపుతుంది. తప్పు వేళకు మోగే గుడి గంటను విని ఇంట్లో గడియారం సరిచేసుకున్నట్టు. అలారం రాకపోవడానికి కారణం కూడా ఇదే. 0.25 పీపీఎం తేడా కనబడితే, తన ఆసిలేటర్ ముసలిదై జరిగిందో, ఈ1 జరిగిందో సాఫ్ట్‌వేర్‌కు తెలిసే మార్గం లేదు. దాని దగ్గర ఉన్నవి రెండే గడియారాలు. రెండు గడియారాలు తేడా చూపిస్తే ఏది తప్పో చెప్పడానికి మూడోది కావాలి.

కాబట్టి ఈ1ను కొలవాలి. దాన్ని అంతకుముందే కొలిచారని రికార్డులో ఉంది, ఫలితం "ఓకే". చేతి ఈ1 టెస్టర్‌తో కొలిచారు. ఈ1 ప్రమాణం ప్రకారం 50 పీపీఎం దాకా తేడా ఉండవచ్చు, టెస్టర్ ఆ హద్దుకే పాస్ ఇస్తుంది. డేటా వెళ్లడానికి అది చాలు. మనం వెతికే తప్పు 0.25 పీపీఎం, అంటే 20,48,000 హెర్ట్జ్‌లో అర హెర్ట్జ్. టెస్టర్ సొంత క్రిస్టల్ తప్పే అంతకన్నా పెద్దది. ఆ టెస్టర్‌తో ఎన్నిసార్లు కొలిచినా అర హెర్ట్జ్ దొరకదు.

టెస్టర్‌ను లైనుకు అడ్డం పడకుండా మానిటర్ మోడ్‌లో తగిలించి, దాని నుంచి తీసిన ఈ1 క్లాక్‌ను ఫ్రీక్వెన్సీ కౌంటర్‌కు ఇచ్చాం. కౌంటర్‌కు జీపీఎస్‌తో కట్టిన 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ పెట్టాం. గేటు, అంటే ఒక్కో కొలతకు లెక్కపెట్టే సమయం, 100 సెకన్లు. అంకె వచ్చేదాకా షెల్టర్‌లో ఎవరం మాట్లాడలేదు. మొదట 20,48,000.5, తర్వాత ప్రతిసారీ దానికి అటూ ఇటూ. పక్కనే అనలైజర్‌లో క్యారియర్ 235 హెర్ట్జ్ ఎక్కువ. రెండింటినీ పీపీఎంలోకి మారిస్తే రెండూ 0.25. బేస్ స్టేషన్ తప్పు, లైను తప్పు ఒకటే అంకె. ముసలి ఆసిలేటర్ దోషం ఇంత కచ్చితంగా లైను దోషంతో సరిపోవడం జరగదు.

అబద్ధం ఎక్కడ పుట్టింది

ఈ సైటుకు ఒకప్పుడు మైక్రోవేవ్ మీద ఈ1 నేరుగా వచ్చేది. కొన్ని నెలల క్రితం ట్రాన్స్‌మిషన్‌ను డేటాను ముక్కలుగా పంపే పాకెట్ మైక్రోవేవ్‌కు మార్చారు. 4జీకి అది అవసరమే. 2జీ పెట్టెకు మాత్రం ఈ1 తప్ప ఇంకేదీ అర్థం కాదు కాబట్టి, అవతల ఈ1ను పాకెట్లుగా కోసి, ఇవతల ఒక చిన్న బాక్సు పెట్టి మళ్లీ ఈ1గా అతికిస్తున్నారు. సాటాప్ అనే పద్ధతి, 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4553గా ప్రమాణమైంది.

ఈ1 తీగ మొదటి నుంచీ రెండు పనులు చేసేది. బిట్లను మోసేది, ఆ బిట్ల వేగంతో కాలాన్నీ మోసేది. రెండోదాని గురించి ఎవరూ ప్రత్యేకంగా ఆలోచించేవాళ్లు కాదు, అదే వచ్చేసేది. పాకెట్లలో బిట్లు వస్తాయి, కాలం రాదు. దాన్ని ఎక్కడి నుంచి తేవాలో బాక్సుకు మనమే చెప్పాలి. పాకెట్లు వచ్చే తీరును చూసి అవతలి క్లాక్‌ను ఊహించే అడాప్టివ్ పద్ధతి ఒకటి. ఈథర్‌నెట్ లైను మీదే క్లాక్‌ను తెచ్చే సింక్‌ఈ ఇంకోటి. ఇవేవీ కాకుండా ఇంటర్నల్ అని పెడితే బాక్సు తన సొంత క్రిస్టల్‌తో ఈ1ను తయారుచేసి పంపుతుంది.

బాక్సు కాన్ఫిగరేషన్ తెరిచి చూస్తే ఇంటర్నల్ అనే ఉంది. అన్ని సైట్లకూ వేసిన టెంప్లేట్‌లోనే అలా ఉంది. లోపలున్నది ఓవెన్ లేని చిన్న ఆసిలేటర్, ఎండకు జరుగుతుంది. దాన్ని పెట్టింది షెల్టర్ బయటి చిన్న డబ్బాలో. మధ్యాహ్నానికి ఆ డబ్బాను ముట్టుకోలేం. ఆటో డ్రైవర్ చెప్పిన మధ్యాహ్నం అక్కడ దొరికింది.

రెండు క్లాక్‌లు తేడాగా నడిస్తే బాక్సులో పాకెట్లను కాసేపు దాచి ఉంచే జిట్టర్ బఫర్ మెల్లగా నిండుతూ పోవాలి లేదా ఖాళీ అవుతూ పోవాలి. చూస్తే ఖాళీ అయిన అండర్‌రన్ లెక్కలు నిజంగానే ఉన్నాయి, కొన్ని గంటలకోసారి ఒకటి. ఇంత చిన్న తేడాకు అంత అరుదుగానే జరుగుతుంది. ఆ క్షణంలో మాటలో చిన్న టిక్ వినిపిస్తుంది, సిగ్నలింగ్ మెసేజ్ పోతే, వాటిని చేర్చే లాప్‌డీ అనే ప్రోటోకాల్ మళ్లీ పంపేస్తుంది. ఏ అలారం హద్దునూ అది దాటలేదు.

డీఎక్స్‌యూ మార్చిన సాయంత్రం ఎందుకు బాగైందో కూడా ఇప్పుడు తెలిసింది. కొత్త బోర్డు తన సొంత కాలిబ్రేషన్ విలువతో, సరైన ఫ్రీక్వెన్సీతో లేచింది. తర్వాత సాఫ్ట్‌వేర్ దాన్ని ఈ1 వైపు నెమ్మదిగా లాగింది. సాయంత్రం చల్లబడి బాక్సు క్రిస్టల్ కూడా కొంత దగ్గరికి వచ్చి ఉంటుంది. మర్నాడు ఎండ ఎక్కేసరికి రెండూ కలిసి పక్కకు పోయాయి.

ఓపెన్ సోర్స్ వైపు పనిచేసే మిత్రులకు ఇది కొత్తగా అనిపించదు. ఓస్మోబీఎస్సీ అనే సాఫ్ట్‌వేర్ ఈ ఆర్‌బీఎస్ 2000 కుటుంబాన్ని నడిపించగలదు. పాత పెట్టెలు కొని ల్యాబ్‌లో నడిపేవాళ్లకు ఇదే చిక్కు ఎదురవుతుంది. కంప్యూటర్‌లోని ఈ1 కార్డు క్రిస్టల్‌నే పెట్టె నమ్మి, గాలిలోకి తప్పు ఫ్రీక్వెన్సీ పంపుతుంది. అందుకే వాళ్లు తయారుచేసిన ఐస్‌ఈ1యూఎస్‌బీ అడాప్టర్‌లో జీపీఎస్‌తో క్లాక్ సరిచేసే ఏర్పాటు పెట్టారు.

సరిచేయడం

రాత్రి ట్రాఫిక్ లేని వేళ చూసుకుని బాక్సును ఇంటర్నల్ నుంచి అడాప్టివ్‌కు మార్చాం. కౌంటర్, అనలైజర్ రెండూ తగిలించే ఉంచాం. ఈ1 అంకె కాసేపు ఊగి, నెమ్మదిగా 20,48,000.0 దగ్గరికి దిగి అక్కడ నిలిచింది. క్యారియర్ మాత్రం వెంటనే కదల్లేదు. చూస్తూ ఉంటే కొన్ని హెర్ట్జ్ చొప్పున దిగుతూ వచ్చింది, తెల్లారేసరికి 47 లోపలికి వచ్చేసింది. డీఎక్స్‌యూ సాఫ్ట్‌వేర్ సగటు తీసే నిదానం అది. మొదటి అరగంటలో క్యారియర్ కదలడం లేదని సెట్టింగ్ వెనక్కి మార్చేస్తే ఈ కేసు ఇంకా నడుస్తూ ఉండేది. క్లాక్ పనిలో చేయి కట్టుకుని కూర్చోవడం కూడా పనే.

అడాప్టివ్‌తో ఆపలేదు. పాకెట్ల ఆలస్యం ట్రాఫిక్‌ను బట్టి మారుతుంది కాబట్టి సాయంత్రం 4జీ లోడు పెరిగినప్పుడు ఫ్రీక్వెన్సీ కొంచెం ఊగేది. హద్దులోనే ఉంది, కానీ హద్దుకు దగ్గరగా. ట్రాన్స్‌మిషన్ వాళ్లతో కూర్చుని దారి మొత్తం చూస్తే, మధ్యలో ఒక్క హాప్‌లో (ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు ఉన్న ఒక్క లింకులో) సింక్‌ఈ ఆన్ చేయలేదు. ఆ గొలుసులో ఒక్క కొక్కెం లేకపోతే అవతల క్లాక్ అందదు. అది ఆన్ చేసి, బాక్సును సింక్‌ఈకి మార్చాక క్యారియర్ 10 హెర్ట్జ్ లోపల నిలిచింది. ఎండలోనూ అంతే. బాక్సు ఉన్న బయటి డబ్బాకు నీడ కూడా ఏర్పాటు చేశారు.

పక్క సైట్లతో హ్యాండోవర్ లెక్కలు లోపలి సెక్టార్ల లెక్కలకు సమానంగా వచ్చాయి. ఆటో డ్రైవర్‌ను మళ్లీ అడిగితే ఫోన్ చెవిన పెట్టుకుని నడిపే అలవాటు మానమని పోలీసులే చెప్పాలి సార్, ఫోన్ మాత్రం తెగట్లేదు అన్నాడు.

ఆసిలేటర్ సంగతి కూడా తేల్చాలనిపించింది. మొదట తీసేసిన డీఎక్స్‌యూ రిపేర్ సెంటర్ నుంచి లోపం లేదన్న చీటీతో తిరిగొచ్చింది. దాన్నే మళ్లీ సైటులో పెట్టి, సరైన ఈ1 మీద లాక్ అయ్యాక చూస్తే మామూలుగా నిలబడింది. పదిహేనేళ్లు దాటినా ఆ ఓవెన్ ఆసిలేటర్ పని చేస్తోంది. మార్చిన డీటీఆర్‌యూలు, ఫ్యాన్ యూనిట్ స్పేర్లకు వెళ్లాయి. ఇవి కొత్తగా దొరికే సామాన్లు కావు. ఉన్నవాటిని లోపం లేకుండానే రిపేరుకు తిప్పితే, నిజంగా పోయిన రోజున చేతిలో ఏమీ ఉండదు.

టెంప్లేట్‌లోని సెట్టింగ్‌ను మార్చారు. అదే టెంప్లేట్‌తో పాకెట్‌కు మారిన మిగతా సైట్ల జాబితా తీసి, ముందు కౌంటర్లతో వడగట్టాం. సొంత సెక్టార్ల మధ్య బాగుండి, బయటివాళ్లతో రెండు వైపులా చెడ్డవి ఏవో చూస్తే చాలు, సైటుకు వెళ్లకుండానే అనుమానితులు దొరికిపోతాయి. అలా దొరికినవాటిలో కొన్నిటికి అప్పటికే ట్రాన్స్‌సీవర్లు మార్చి ఉన్నారు. ట్రాన్స్‌మిషన్ మార్చాక సైటును అప్పగించేటప్పుడు ఈ1లో ఎర్రర్లు లేవని మాత్రమే రాసేవాళ్లు. ఇప్పుడు జీపీఎస్ రిఫరెన్స్‌తో కొలిచిన క్యారియర్ ఫ్రీక్వెన్సీ కూడా రాయాలి, అదీ ఎండ వేళ కొలిచింది.

ఒక సైటు మిగిలింది. దానికి వచ్చే దారిలో పాత రేడియో హాప్ ఒకటి సింక్‌ఈని మోయలేదు, అందుకని అడాప్టివ్ మీదే నడుస్తోంది. ఆ హాప్ మార్చేదాకా బాక్సును బయటి డబ్బాలోంచి తీసి షెల్టర్ లోపల బిగించమన్నాం. వేసవి ముదిరాక అక్కడ మళ్లీ కొలుస్తాం.